గేట్ సీఎస్ రెండో అటెంప్ట్: ఐదు మడులు, రెండు కోత మిషన్లు

రిజల్ట్ వచ్చి రెండు రోజులైంది. ఇంకా స్కోర్‌కార్డు తెరిచి చూసుకుంటూనే ఉన్నా. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్, కంప్యూటర్ సైన్స్ పేపర్లో వెయ్యి లోపు ర్యాంకు. మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింది ఊరు. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. పోయినేడు ఎక్కడ దెబ్బతిన్నానో అదే చెప్తా.

అల్గారిథమ్స్ నా బలం అనుకునేదాన్ని. అప్పుడొక మాక్ టెస్టులో ప్రశ్న: రెండు మిషన్లు, ఐదు జాబ్‌లు, 3, 3, 2, 2, 2 గంటలు. అన్నీ ముగియడానికి కనీసం ఎంత సమయం? చూడగానే ఎల్‌పీటీ (లాంగెస్ట్ ప్రాసెసింగ్ టైమ్) పద్ధతి పెట్టేశా. పెద్ద జాబ్ ముందు, ఏ మిషన్ ఖాళీ అయితే దానికి తర్వాతిది. 3, 3, ఆపైన 5, 5, మిగిలిన 2 ఎటు వేసినా 7. కీలో 6 ఉంది. జవాబు అంకెగా రాసే న్యూమరికల్ ప్రశ్న, నెగెటివ్ మార్కుల్లేవు, కీ తప్పేమో అనుకుని వదిలేశా. ఆ వదిలేయడమే ముంచింది. ఫిబ్రవరిలో అసలు పేపర్లోనూ గ్రీడీ (అప్పటికి మంచిదనిపించిందే ఎంచుకుంటూ పోవడం), డీపీ (డైనమిక్ ప్రోగ్రామింగ్, చిన్న భాగాల జవాబులు దాచుకుని పెద్ద జవాబు కట్టడం) ప్రశ్నల దగ్గర అదే తొందర. కటాఫ్ కూడా దాటలేదు.

ఏప్రిల్‌లో యాసంగి కోతలు. మబ్బు పట్టింది, ఊళ్ళో అందరికీ ఒకేసారి మిషన్ కావాలి. గట్టు మీద కూర్చుని ఆ ఐదు జాబ్‌లనే మడులుగా చేసి నాయినను అడిగా. ఆయన ఆలోచించనైనా లేదు. "పెద్దయి రెండూ ఒక్క మిషన్‌కే ఇయ్యి బిడ్డా, చిన్నయి మూడు ఇంకోదానికి. రెండూ ఒక్కసారే అయిపోతయ్." ఆరు గంటలు! అంతకన్నా తగ్గదా అంటే, "మొత్తం పన్నెండు గంటల పని, మిషన్లు రెండే. ఆరుకు తక్కువెట్లయితది?" అన్నాడు. నేను పుస్తకంలో దాటేసిన లోయర్ బౌండ్, అంటే ఇంతకన్నా తగ్గదని చెప్పే హద్దు, అదే.

ఆ రాత్రి మళ్ళీ చదివా. ఎల్‌పీటీ ఎంత చెడ్డగా నడిచినా ఉత్తమ సమయానికి 4/3 − 1/(3ఎం) రెట్లు దాటదని 1969లో రొనాల్డ్ గ్రాహం నిరూపించాడు. ఎం అంటే మిషన్ల సంఖ్య. రెండు మిషన్లకు అది 7/6. నాది 7, నాయినది 6! ఆ హద్దు సరిగ్గా నా లెక్క మీదే ఉంది. వరుస చూడకుండా వచ్చిన జాబ్ వచ్చినట్టు వేస్తే, 1966లో ఆయనే ఇచ్చిన హద్దు 2 − 1/ఎం, అంటే రెండింటికి 3/2. కాబట్టి ఎల్‌పీటీ మంచిదే, కానీ కనీసం అని అడిగితే అది చాలదు. రెండు మిషన్లకే ఇది ఎన్‌పీ హార్డ్, అంటే ప్రతిసారీ వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియదు. లోపల ఉన్నది పార్టిషన్ సమస్య, అంకెల్ని రెండు సమాన మొత్తాలుగా విడగొట్టడం. గంటలు చిన్న అంకెలైతే, ఏ జాబ్‌లు కలిపితే ఏ మొత్తం వస్తుందో చూసే సబ్‌సెట్ సమ్ డీపీతో తేలిపోతుంది.

అడిగేది మారితే నియమమూ మారుతుంది. అన్ని జాబ్‌ల ముగింపు సమయాల మొత్తం తగ్గాలంటే చిన్నవి ముందు వేయాలి. ఇవే ఐదింటికి అలా వేస్తే మొత్తం 20, ఎల్‌పీటీతో 23. ముందు దేన్ని తగ్గించమంటున్నారో చదవండి, ఆ తర్వాతే పెన్ను పట్టండి.

ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్ సబ్జెక్టులు అందరిలాగే పాత పేపర్లతో చేశా. ఆప్టిట్యూడ్ రోజూ అరగంట. హైదరాబాద్ కోచింగ్‌కు పోనందుకే పోయిందని చుట్టాలన్నారు. కాదు. తప్పు జవాబు ముందు కూర్చునే ఓపిక లేక పోయింది, ఆ ఓపిక ఏ కోచింగూ ఇవ్వదు. పొద్దున ఐదింటికి లేవడం గొప్ప కాదు, నిన్నటి తప్పును ఇవాళ మళ్ళీ తెరవాలి. రోజూ తెరవాలి, జ్వరమొచ్చినా తెరవాలి.

ఈసారి కీతో తేడా వచ్చిన ప్రతి ప్రశ్నకూ ఒక పేజీ పెట్టా. రెండు నోట్‌బుక్కులు నిండాయి. మొదటి పేజీలో ఐదు మడుల బొమ్మ, పెద్దవి రెండింటినీ కలుపుతూ నాయిన గీసిన గీత ఉన్నాయి.