నవ్విన నాపచేను

మా బావ మా ఇంటికి వస్తే తన బీరు తనే తెచ్చుకుంటాడు. ఫ్రిజ్‌లో నేను ఇంట్లో చేసిన బీరు సీసాలు ఇరవై ఉన్నా సరే, ఆయన సంచిలోంచి ఆరు డబ్బాల లైట్ లాగర్, అంటే చల్లటి చోట పులియబెట్టిన తేలికపాటి అంగడి బీరు, బయటికి రావాల్సిందే. ఆయన డబ్బా తెరవడం, నేనో మాట విసరడం, ఆయన నవ్వి ఊరుకోవడం మా ఇంట్లో మామూలు. "బుడగలొచ్చే మంచినీళ్లు" అన్నాను ఒకసారి. "దాంట్లో హాప్స్ వేయరు బావా, దూరం నుంచి చూపిస్తారంతే" అన్నాను ఇంకోసారి. హాప్స్ అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు. ఆ రోజు మాత్రం ఆయన ఊరుకోలేదు.

"ఇన్ని మాటలంటున్నావు కదరా, అంత తేలికైతే ఇలాంటిదొకటి చేసి పెట్టు. నాకు సంచి మోసే పని తప్పుతుంది" అన్నాడు.

అదెంత పని అనుకున్నాను. ఎనిమిది నెలలు పట్టింది.

ఇంట్లో బీరు చేసేవాళ్లలో నాలాంటి నోటిదురుసుగాళ్లు చాలామందే ఉంటారు. మొదటి రెండు మూడేళ్లు మరీనూ. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నాలుగు పేల్ ఏల్స్ (ఏల్ అంటే లాగర్ కన్నా వెచ్చటి చోట పులిసే బీరు) సరిగ్గా కుదరగానే అంగట్లో దొరికే బీరంతా చెత్త అనిపిస్తుంది. ఈ చిన్నచూపు ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి దొరికింది గానీ బీరుని గాలికి వదిలేశారు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం మరుసటేడు అమల్లోకి వచ్చాకే ఇంటి బీరుకి అక్కడ కేంద్ర చట్టం అడ్డు తొలగింది. అప్పటికి ఆ దేశమంతా కలిపి బీరు కంపెనీలు వందలోపే. వాటిలో ఎక్కువ భాగం చేసేది ఒకే తీరు లేత లాగర్. ఇంకో రుచి కావాలంటే ఎవరికి వారు గిన్నె పొయ్యి మీద పెట్టుకోవాల్సిందే. అలా మొదలైన సరదాకి ఆ లాగర్ మీద కోపం ఉండటంలో తప్పేమీ లేదు. కాకపోతే నేను ఆ ఇబ్బంది పడినవాణ్ణి కాదు. నాది అరువు తెచ్చుకున్న కోపం.

మొదటిసారి పొగరుతో చేశాను. 20 లీటర్లకి మూడు కిలోల పైచిలుకు పిల్స్‌నర్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన లేత రంగు బార్లీ), 20 గ్రాముల హాప్స్. ఐపీఏ అనే నా చేదు ఏల్‌లో ఇంతకు పదింతలు హాప్స్ పడతాయి, ఈ లెక్క చూసి నవ్వుకున్నాను కూడా. వోర్ట్ (మాల్ట్ నుంచి దిగిన తియ్యటి నీళ్లు) మరిగేటప్పుడు గ్యాస్ కలిసొస్తుందని మూత సగం వేశాను. ఏల్‌కి ఎప్పుడూ వేసినట్టే ఒక ఈస్ట్ ప్యాకెట్ చల్లి, ఫ్రిజ్‌లో 12 డిగ్రీల దగ్గర పెట్టాను. పదో రోజుకి బుడగలు ఆగాయి. అయిపోయిందనుకుని బీరుని అడుగున పేరిన ఈస్ట్ మీద నుంచి తీసేసి ఒక డిగ్రీకి దించాను. మూడు వారాల తర్వాత గ్లాసులో పోసి వాసన చూశాను.

పచ్చి యాపిల్. దాని వెనకాల వెన్న. ఆ వెనకాల ఉడకబెట్టిన మొక్కజొన్న.

మూడూ పుస్తకాల్లో చదివిన తప్పులే. ఒకే గ్లాసులో మూడూ వరసగా నిలబడటం మాత్రం అదే చూడటం. మొక్కజొన్న వాసన డీఎంఎస్ అనే గంధకపు పదార్థానిది. లేత మాల్ట్‌లో దాని మూలపదార్థం ఎక్కువ. మూత తీసి గంటన్నర బాగా మరిగిస్తే ఆవిరితో పోయేదాన్ని నేను మూత పెట్టి మరీ దాచుకున్నాను. పచ్చి యాపిల్ వాసన ఎసిటాల్డిహైడ్‌ది. చక్కెరని ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు ఈస్ట్ దాటే చివరి మెట్టుకి ముందు మెట్టు అది. ఈస్ట్‌ని పని మధ్యలో లాగేస్తే అది అక్కడే మిగిలిపోతుంది. వెన్న వాసన డయాసిటైల్ వల్ల. దీని నడక కొంచెం విచిత్రం. ఈస్ట్ దీన్ని నేరుగా తయారుచేయదు. ఈస్ట్ వదిలిన ఇంకో పదార్థం బయట బీరులో మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది, ఆ తర్వాత అదే ఈస్ట్ వచ్చి దాన్ని తినేసి శుభ్రం చేస్తుంది. చలిలో ఈ రెండు పనులూ నత్తనడకే. కోటి పాళ్లలో సుమారు ఒక పాలున్నా చాలు, ఇలాంటి బీరులో అది ముక్కుకి దొరికిపోతుంది.

ఆ సాయంత్రం నన్ను నిజంగా కుంగదీసింది మాత్రం ఈ బీరు కాదు. అనుమానమొచ్చి, నలుగురూ మెచ్చుకున్న నా పాత పేల్ ఏల్ సీసా ఒకటి తెరిచాను. హాప్స్ వాసన పక్కకి పెట్టి, ఓపిగ్గా, గ్లాసు చేత్తో వెచ్చబెట్టి చూశాను. ఉంది. అదే పచ్చి యాపిల్, అడుగున, మర్యాదగా. రెండేళ్లుగా నా బీరన్నిటిలో అది ఉండే ఉంటుంది. నారింజ తొక్క వాసన, చేదు, కారమెల్ మాల్ట్ కలిసి దాన్ని దుప్పటి కప్పి పడుకోబెట్టాయి. లైట్ లాగర్‌లో దుప్పటి లేదు.

ఆ 20 లీటర్లూ సింకులో పోశాను. బావకి చెప్పలేదు.

రెండోసారి బియ్యం వేద్దామనుకున్నాను. అంగడి లాగర్‌ని వెక్కిరించేటప్పుడు మేమంతా మొదట ఎత్తే మాట ఇదే, "మాల్ట్ బదులు చవగ్గా బియ్యం, మొక్కజొన్న కలిపేస్తారు" అని. కలుపుతారు, 40 శాతం దాకా కూడా. కానీ ఆ అలవాటు మొదలైంది పిసినారితనంతో కాదు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన బీరు తయారీదార్లకి అక్కడ దొరికింది వెన్నుకి ఆరు వరసల గింజలుండే బార్లీ. దాంట్లో ప్రోటీన్ ఎక్కువ, ఎంజైములూ ఎక్కువ. దాంతోనే చేస్తే బీరు మడ్డిగా, బరువుగా వచ్చేది. ప్రోటీన్ అంతగా ఇవ్వని బియ్యమో మొక్కజొన్నో కలిపితే తేటపడేది, మిగిలిన ఎంజైములు ఆ పిండినీ చక్కెర చేసేసేవి. 1876లో వచ్చిన బడ్‌వైజర్‌లో బియ్యం పడటం ఈ దారిలోనే. తర్వాతి కాలంలో ఖర్చుల లెక్కలు కూడా కలిశాయి, కాదనను.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, పచ్చి బియ్యాన్ని రవ్వగా ఆడించి నేరుగా 65 డిగ్రీల మాష్‌లో, అంటే వేడినీళ్లలో నానుతున్న మాల్ట్‌లో, కలిపేయడం. బియ్యప్పిండి విచ్చుకోవడానికి ఆ వేడి చాలదు. విచ్చుకోని పిండిని ఎంజైములు ముట్టుకోలేవు. గంట తర్వాత ఒక చుక్క అయోడిన్ వేస్తే సిరా పోసినట్టు నల్లబడింది, అంటే పిండి ఇంకా చక్కెర కాకుండా మిగిలే ఉంది. పైగా బియ్యానికి పొట్టు లేదు కాబట్టి గింజల పడక బంకలా పట్టేసింది, వోర్ట్ కిందికి దిగలేదు. రెండు గంటలు గరిటెతో కెలుకుతూ కూర్చున్నాను. వచ్చిన కాసిని నీళ్లని బీరు చేశాను గానీ, దాని గురించి చెప్పడానికేమీ లేదు, మసకగా ఉంది.

ఈ మధ్యలో బావ రెండుసార్లు వచ్చాడు, ఆరు డబ్బాలతోనే. నేను మాటలు విసరడం తగ్గించానని ఆయన గమనించినట్టే ఉంది. ఒక డబ్బా నా ముందుకు తోశాడు. చదువుకునే పుస్తకంలా దాన్ని నెమ్మదిగా తాగాను. యాపిల్ లేదు, వెన్న లేదు, మొక్కజొన్న కూడా లేనట్టే. కంపెనీలు చాలావరకు దీన్ని ముందు చిక్కగా పులియబెట్టి, ఆక్సిజన్ తీసేసిన నీళ్లు చివర్లో కలిపి పలచన చేస్తాయని చదివినప్పుడు "చూశారా, నీళ్లే" అని ఎగిరిన వాణ్ణి నేను. ఇప్పుడు నాకు కనిపించింది వేరే సంగతి. నీళ్లలోంచి ఆక్సిజన్ తీయడం, నాలుగైదు ఊళ్లలోని ఫ్యాక్టరీల నుంచి ఏడాది పొడుగునా ఒకే రుచి తెప్పించడం. నేను ఒకే వంటగదిలో, ఒకే గిన్నెతో, వరసగా రెండుసార్లు ఒకే బీరు చేసిన పాపాన పోలేదు.

మూడోసారి పొగరు తగ్గింది, నోటుపుస్తకం వచ్చింది. ఖనిజాలు తీసేసిన నీళ్లలో చిటికెడు కాల్షియం క్లోరైడ్. పిల్స్‌నర్ మాల్ట్ 2.2 కిలోలు, బియ్యం ఒక కిలో. బియ్యానికి గుప్పెడు మాల్ట్ కలిపి విడిగా గిన్నెలో 70 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచాను. గరిట నిలబడేంత చిక్కగా ఉన్నది నీళ్లగంజిలా జారిపోయింది, ఎంజైములు పిండిని కత్తిరిస్తుంటే కళ్లారా చూడొచ్చు. తర్వాత 20 నిమిషాలు ఉడికించి పెద్ద మాష్‌లో కలిపాను. ఈసారి పడక పట్టేయకుండా రెండు గుప్పెళ్ల ఊక వేశాను. 64 డిగ్రీల దగ్గర గంటన్నర. అయోడిన్ రంగు మారలేదు. మూత తీసి 90 నిమిషాలు మరిగించాను, గ్యాస్ సంగతి ఆలోచించలేదు.

ఈస్ట్ దగ్గర మొదటిసారి చేసిన తప్పు లెక్క వేశాక తెలిసింది. లాగర్‌కి ఏల్ కన్నా రెట్టింపు ఈస్ట్ కావాలి. నా 20 లీటర్లకి దాదాపు 27 వేల కోట్ల కణాలు. అందుకని రెండు ప్యాకెట్లు. వోర్ట్‌ని 10 డిగ్రీలకి చల్లార్చాకే వేశాను. మూడో రోజు ఫ్రిజ్ తలుపు తెరిస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన ఇల్లంతా కొట్టింది. అక్క ఫోన్‌లో ఉంటే నా గోడంతా వెళ్లబోసుకున్నాను. లాగర్ ఈస్ట్‌కి ఆ గంధకపు వాసన మామూలేనని, వచ్చే వాయువుతో పాటే పోతుందని తర్వాత కుదురుగా చదివితే తెలిసింది.

గ్రావిటీ (నీళ్లు 1.000 అనుకుంటే బీరు సాంద్రత, చక్కెర తగ్గేకొద్దీ దిగుతుంది) 1.036 నుంచి 1.010కి దిగగానే వేడిని 17కి పెంచాను. డయాసిటైల్‌ని ఈస్ట్ తినేయడానికి ఇచ్చే విరామం ఇది. ఎన్ని రోజులన్నది క్యాలెండర్ చెప్పదు, ముక్కు చెప్పాలి. రెండు చిన్న గ్లాసుల్లో బీరు తీసుకుని, ఒకదాన్ని మూతపెట్టి 65 డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండూ పక్కపక్కన వాసన చూడాలి. దాగున్న మూలపదార్థం ఏమన్నా ఉంటే ఆ వేడికి వెన్నగా బయటపడుతుంది. మూడో రోజు బయటపడింది. మొదటి నేనైతే "ఆ, పర్లేదులే" అనేవాణ్ణి. ఇంకో మూడు రోజులు ఆగాను. అప్పుడు రెండు గ్లాసులకీ తేడా లేదు. చివరి గ్రావిటీ 1.004. ఆ తర్వాత ఒక డిగ్రీ దగ్గర ఐదు వారాలు, తేటపడటానికి కొంచెం జెలటిన్, తర్వాత కెగ్ అనే పీపా, బుడగలకి కార్బన్ డయాక్సైడ్.

ఒక్క విషయంలో మాత్రం మొండికేశాను. అసలు 'లైట్' అన్న మాటకి మూలం ఒక ఎంజైమ్. 1960లలో జోసెఫ్ ఓవేడ్స్ అనే రసాయనశాస్త్రవేత్త రైన్‌గోల్డ్ కంపెనీలో ఉండగా, ఈస్ట్ తినలేని డెక్‌స్ట్రిన్లనే పెద్ద పిండి ముక్కలని కూడా ఎంజైమ్‌తో విరగ్గొట్టి, పిండిపదార్థం దాదాపు మిగలని బీరు చేశాడు. అది 1967లో గాబ్లింగర్స్ పేరుతో వచ్చి బోర్లాపడింది. అదే దారిలో 1975లో దేశమంతటా వచ్చిన మిల్లర్ లైట్ నిలబడింది. ఆ ఎంజైమ్ ప్యాకెట్ నా దగ్గరా ఉంది. కానీ వేయబుద్ధి కాలేదు. అది కాపీ కొట్టినట్టు ఉంటుందనిపించింది. మిగిలిన పొగరంతా అక్కడికి చేరినట్టుంది.

బావ, అక్క వచ్చారు. సంచి అడగకుండానే వంటగదిలో పెట్టాడు. అక్క చేత మూడేసి గ్లాసులు పోయించాను, రెండింట్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కుదురుతుంది కాబట్టి మూడు విడతలు పెట్టుకున్నాం. రంగులో తేడా లేదు. నురుగు నాదే కాస్త ఎక్కువసేపు నిలిచింది, అందుకని అది కరిగేదాకా ఆగాం.

నేను మూడుసార్లలో ఒక్కసారే సరిగ్గా చెప్పాను. నా చేత్తో చేసిన బీరు, ఎనిమిది నెలలు ముక్కుపెట్టి చూసిన బీరు.

బావ మూడుసార్లూ సరిగ్గా చెప్పాడు. రెండో విడతలో వాసన కూడా చూడలేదు, ఒక గుక్క తాగి గ్లాసు జరిపాడు.

"ఎలా తెలుసుకున్నారు బావా?"

"నీది బాగుందిరా. కానీ మింగాక ఇంకా ఏదో ఉంటోంది నోట్లో. రొట్టెలాగా. నాదైతే ఏమీ ఉండదు, వెళ్లిపోతుంది."

1.004. నేను వద్దనుకున్న ఆ ఎంజైమ్ తినేయాల్సిన నాలుగు పాయింట్లు. ఆయనకి అంకెలు తెలియవు, నాలిక మీద లెక్క ఉంది. ఇన్నేళ్లూ రుచి తెలియని మనిషని నేను అనుకున్నది ఈయన్నే.

ఇప్పటికీ లైట్ లాగర్ నాకు ఇష్టమైన బీరు కాదు. ఆ "వెళ్లిపోవడం" నాకెందుకో వెలితిగానే ఉంటుంది, చలికాలం రాత్రి నా చెయ్యి నల్లటి, చిక్కటి స్టౌట్ బీరు వైపే పోతుంది. ఎండలో పెద్ద గిన్నెలు కడిగే రోజున మాత్రం ఒక డబ్బా తెచ్చుకుంటున్నాను. దాని గురించి తోటివాళ్ల ముందు మాట్లాడటం లేదు, వాళ్లూ గిన్నెలు కడిగే రోజుల్లో ఏం తాగుతారో నేనడగను.

నాలుగోసారి ఎంజైమ్ వేసి చేసిన బీరు ప్రస్తుతం ఒక డిగ్రీ దగ్గర ఉంది. మొన్న బావ వచ్చినప్పుడు మూడోసారి చేసినదాంట్లో మిగిలింది పోశాను. ఆయన సంచి విప్పితే అందులో నాలుగు డబ్బాలే ఉన్నాయి.