కత్తికి ఒర దొరికేదాకా

ఒర ఇంకా పూర్తిగా ఆరలేదు. వానాకాలం కాబట్టి ఎండ నమ్మకం లేక హాల్లో ఫ్యాను కింద తీగకు వేలాడదీశాను. నాలుగు నెలల తిప్పలు ఈ వారంతో తీరాయి. వివరాలు మరిచిపోకముందే, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను విశాఖపట్నంలో జూనియర్ కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. సెలవు దొరికితే అనంతగిరి కొండల వైపు పోవడం పదిహేనేళ్ల అలవాటు. రాత్రి ఉండేలా వెళ్లిన ప్రతిసారీ వంటింటి చాకు ఒకటి గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లేవాణ్ణి. వెదురు చీల్చబోతే అది వంగిపోయేది. చివరికి మార్చి నెలలో అసలైన అడవి కత్తి కొనుక్కున్నాను. స్వీడన్ దేశంలోని మోరా ఊళ్లో తయారయ్యే కంపానియన్ రకం, కార్బన్ ఉక్కుది. ఆ కంపెనీ మూలాలు 1891 నాటివి. నాకు రెండు వేల రూపాయల లోపే పడింది. ఫోనులో ఆర్డరు ఇచ్చాను, ఐదో రోజున ఇంటికి వచ్చింది. కొనడం గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

కత్తి పేరు వినగానే పోలీసుల మాట ఎత్తే బంధువులు నాకూ ఉన్నారు. వారి కోసం ఒక్క మాట. మన ఆయుధ నియమావళిలో ఆయుధాల కింద లెక్కించే కత్తులకు చెప్పిన కొలత తొమ్మిది అంగుళాల కన్నా పొడవు లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు ఉన్న అలుగు, అంటే పిడి కాక మిగిలిన ఉక్కు భాగం. నా కత్తి అలుగు 104 మిల్లీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలకు కాస్త పైన. అయినా బస్సులో వెళ్లేటప్పుడు దాన్ని సంచి అడుగున, బట్టల కింద పెడతాను. నడుముకు కట్టుకుని ఊళ్లో తిరగడం అడవిని ప్రేమించేవాడు చేసే పని కాదు.

చవక కత్తి కాబట్టి కొన్ని పనులు మనమే చేసుకోవాలి. నిప్పు రాజేయడానికి ఫెర్రో కడ్డీ వాడతాను. దాన్ని కత్తి వెన్నుతో గీస్తే రవ్వలు రాలాలి. కానీ ఈ కత్తి వెన్ను అంచులు మొద్దుగా, గుండ్రంగా ఉన్నాయి. ఆకురాయి తెచ్చి రాయబోతే గాజు మీద గోరులా జారిపోయింది. అలుగు అంత గట్టిది. అప్పుడు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే కార్బోరండం రాయి తెచ్చాను. వాదరకు, అంటే కోసే అంచుకు, గుడ్డ టేపు చుట్టి, రాయి గరుకు వైపున వెన్నును నిలువుగా ఆనించి అరగంట రుద్దాను. పిడి దగ్గర రెండు అంగుళాల మేర మాత్రమే రుద్దాను. మొన వైపు అలాగే వదిలేశాను, ఎందుకంటే పుల్లలు చెక్కేటప్పుడు అక్కడ బొటనవేలు ఆనించి నొక్కాలి. ఇప్పుడు ఒక్క గీతకే రవ్వల జల్లు కురుస్తుంది.

తుప్పుకు మందు మా అమ్మ చెప్పింది. సముద్రపు గాలికి కార్బన్ ఉక్కు మూడు రోజుల్లో ఎర్రబారుతుంది. "కత్తిపీటకు తుప్పెందుకు పట్టదురా? ఏటేటా ఆవకాయ కాయలు తరుగుతాం కాబట్టి" అంది. మే నెలలో పాతిక పుల్ల మామిడికాయలు ఈ కత్తితోనే ముక్కలు చేశాను. పులుపుకు ఉక్కు మీద బూడిద రంగు, నీలం కలిసిన నల్లని పొర కట్టింది. కడిగి, తుడిచి, పలచగా కొబ్బరినూనె రాశాను. ఆ పొర ఉన్నచోట ఎర్ర తుప్పు అంత తొందరగా పట్టదు. అమ్మ కత్తిపీట యాభై ఏళ్లుగా నల్లగా మెరుస్తున్నది ఇందుకేనని నాకు ఇన్నాళ్లకు అర్థమైంది.

పదును పెట్టడం మాత్రం ఎవరికీ అప్పగించకండి. కరెంటు సాన మీద పట్టించిన మా బావమరిది చాకు అంచు నీలంగా మారింది. ఆ వేడికి ఉక్కు మెత్తబడిపోతుంది, తరువాత ఎంత నూరినా పదును నిలవదు. ఈ మోరా కత్తి రెండు పక్కలా వెడల్పైన వాలు ఉంటుంది, అది తిన్నగా వాదర దాకా దిగుతుంది. ఆ వాలు మొత్తాన్ని రాయికి ఆనించి నూరాలి. ఆనిందో లేదో తెలియాలంటే వాలు మీద నల్ల మార్కరు పెన్నుతో పూయండి, నాలుగుసార్లు నూరి చూడండి. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ రాయి తగలలేదన్నమాట. ఒక పక్క నూరుతూ పోతే అవతలి పక్కన వెంట్రుక కన్నా సన్నని పొర లేస్తుంది. అది మొన నుంచి పిడి దాకా వేలికి గరుకుగా తగిలాకే కత్తిని తిప్పాలి. చివర్లో పాత బెల్టు లోపలి గరుకు వైపున వెనక్కి లాగాలి. నా కత్తి ఇప్పుడు ముంజేతి మీది వెంట్రుకలను నున్నగా గీసేస్తుంది. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

ఇక ఒర సంగతి.

కత్తితో వచ్చిన ప్లాస్టిక్ ఒర చెడ్డదేమీ కాదు. అడుగున నీళ్లు కారిపోయే రంధ్రం ఉంది, వేడినీళ్లతో కడుక్కోవచ్చు. సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి దానికి తొడిగితే ఫెర్రో కడ్డీ అందులో గట్టిగా నిలుస్తుంది. ఇబ్బందంతా బెల్టుకు తగిలించే క్లిప్పుతోనే. మే నెలాఖరులో కొండవాగు దగ్గర నీళ్లు పట్టడానికి గొంతుక్కూర్చున్నప్పుడు అది బెల్టు మీది నుంచి జారిపోయింది. రెండు కిలోమీటర్లు నడిచాక నడుము తడుముకుంటే కత్తి లేదు. వెనక్కి పరుగెత్తాను. అదృష్టం బాగుండి వాగు గట్టున రాళ్ల మధ్య కనిపించింది. ఆ రోజే తోలు ఒర చేయించాలని నిశ్చయించుకున్నాను.

ఊళ్లో పేరున్న తోలు వస్తువుల దుకాణానికి వెళ్లాను. పేరు చెప్పను. అద్దాల తలుపులు, లోపల చల్లని గాలి, గోడల నిండా సంచులు. తలుపు దగ్గరే కాపలా మనిషి నా సంచి వెతికి, కత్తిని ఒరతో సహా పైకెత్తి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. ఒకావిడ పక్కనున్న పిల్లవాణ్ణి దగ్గరకు లాక్కుంది. మేనేజరు వచ్చి, "ఇలాంటివాటికి మేం కుట్టం, ఎవరు పంపారు మిమ్మల్ని?" అని గట్టిగా అడిగాడు. కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషినని, మొక్కల కోసం కొండలకు వెళ్తానని చెప్పాను. గుర్తింపు కార్డు చూపించమన్నాడు, దాని ఫొటో తీసుకున్నాడు, మూలనున్న బల్ల మీద కూర్చోమన్నాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ అలా కూర్చోబెట్టలేదు. నలభై నిమిషాల తరువాత పిలిచి, 1,800 రూపాయలు ముందే కడితే చేయిస్తామన్నాడు. అప్పుడే లేచి రావలసింది. ఎలాగోలా పని జరిగితే చాలని డబ్బు కట్టాను.

తొమ్మిది రోజులకు ఒర ఇచ్చారు. నున్నని నల్ల తోలు, లోపల మెత్తని గుడ్డ, పైన మూతకు నొక్కు బొత్తాం. చూడటానికి పెళ్లి కానుకలా ఉంది. రెండు వారాలు వాడాను. ఒక సాయంత్రం కత్తి తీయబోతే ఎడమ అరచేతిలో చురుక్కుమంది. చూస్తే ఒర పక్క కుట్టు తెగి, వాదర సగం బయటికి వచ్చి ఉంది. కత్తిని లోపలికి తోసిన ప్రతిసారీ వాదర నేరుగా దారాన్నే కోస్తూ వచ్చింది. అరచేతికి మూడు కుట్లు పడ్డాయి, ధనుర్వాతం ఇంజెక్షను చేశారు. ఇంటికొచ్చి కత్తి తుడుస్తుంటే మామిడి పులుపుతో కట్టిన నల్లపొర మీద ఎర్రని తుప్పు చారలు కనిపించాయి. లోపలి గుడ్డ చెమటనూ తేమనూ పీల్చుకుని, ఆ తడిని రాత్రీ పగలూ అలుగుకు అంటించి ఉంచింది.

కట్టు కట్టిన చేత్తో ఆ దుకాణానికి వెళ్లాను. మేనేజరు ఒరను తిప్పి కూడా చూడలేదు. "కత్తిని అంత పదునుగా ఎవరు ఉంచుకోమన్నారు?" అన్నాడు. నేను మాట్లాడబోతే బిల్లు వెనక ఉన్న సన్న అక్షరాలు చూపించాడు. డబ్బు వాపసు అడగడానికి నాకు నోరు రాలేదు. తలుపు దగ్గర ఆ కాపలా మనిషే మళ్లీ నా సంచి వెతికాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. కత్తికి ఒర కుట్టడానికి డబ్బు తీసుకున్నవాడు, ఆ కత్తి కోస్తుందని ముందే తెలుసుకోవాలి. పదును ఉండటం కత్తి తప్పు అనేవాడు ఏ వస్తువూ తయారు చేయకూడదు. అద్దాల తలుపులను చూసి మోసపోయింది నేనే. మా కాలేజీ దారిలో ముప్పై ఏళ్లుగా వేపచెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన ఉన్నారు. రోజూ ఆయన ముందు నుంచే నడుస్తాను. ఆయన్ని అడగాలని నాకు తోచనే లేదు.

చివరికి ఆయన దగ్గరకే వెళ్లాను. బాబాయ్ అని పిలుస్తాను ఆయన్ని. బాబాయ్ తెగిన ఒరను చేతిలోకి తీసుకుని, తన కత్తితో అంచున చిన్న ముక్క కోసి నాకు చూపించారు. పైన నలుపు, లోపల నీలి బూడిద రంగు. "ఇది రసాయనాల తోలు మాస్టారూ. సంచులకు బాగుంటుంది. తడిపితే రూపు నిలవదు. ఒరకు చెట్టు బెరడుతో పదును చేసిన తోలు కావాలి" అన్నారు. తరువాత కుట్టు విప్పి, "మధ్యన పట్టీ వేయలేదు చూడండి. రెండు పొరలూ కలిపి కుట్టేశారు. కత్తి ఇంక దేనికి తగలాలి?" అన్నారు.

పచ్చి చర్మాన్ని కుళ్లకుండా తోలుగా మార్చడమే పదును చేయడం. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు కోతలో అలా నీలంగా కనిపిస్తుందని నేను పుస్తకాల్లో చదివాను. తంగేడు బెరడులో, కరక్కాయలో టానిన్లు ఉంటాయని, వాటితో తోలు పదును చేయడం దక్షిణాదిలో పాత పద్ధతి అని ఏటా పిల్లలకు చెబుతాను. ఆ తోలును చేత్తో పట్టుకుని చూడటం మాత్రం ఇదే మొదటిసారి. బాబాయ్ తెప్పించిన ముక్క మూడు మిల్లీమీటర్ల మందాన, లేత గోధుమ రంగులో, బిగువుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాన పడ్డ చెట్టు మాను వాసన వచ్చింది. తోలుకూ పదునే అంటాం, కత్తికీ పదునే అంటాం. ఇన్నేళ్లు తెలుగు మాట్లాడుతూ ఆ సంగతి గమనించలేదు.

మూడు సాయంత్రాలు ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి రోజు కత్తిని కాగితం మీద పెట్టి గీత గీశారు, పిడి సగానికి పైగా లోపలికి దిగేలా లోతు ఎక్కువ ఉంచారు. అంత లోతు ఉంటే పైన మూతా బొత్తామూ అక్కర్లేదట, తోలే పిడిని పట్టుకుంటుందట. రెండో రోజు రెండు పొరల మధ్య వేసే పట్టీ కోయాలి. ఆయన కత్తి ఆ మందపు తోలులో కాస్త తడబడింది. "మీది ఇవ్వండి" అన్నారు. నా కత్తి అందుకుని గోరు మీద ఆనించి చూసి, తోలు మీద ఒక్క లాగు లాగారు. వాదర వంపు ఎలా ఉందో అదే వంపున పట్టీ తెగి కింద పడింది. తన ఒరలోని అడ్డుపట్టీని ఆ కత్తే కోసుకుంది. అది చూస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది.

ఆ తరువాత బంకతో మూడు పొరలూ అతికించి, ఆరెతో ఒక్కొక్క రంధ్రం పొడుస్తూ, మైనం రాసిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి కుట్టారు. ప్రతి రంధ్రంలోనూ ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి వెళ్లాలి. ఒకవైపు దారం తెగినా రెండో వైపు నిలుస్తుంది. అడుగున నీళ్లు కారే రంధ్రం వదిలారు. బెల్టు దూరే పట్టీని వెనక విడిగా వేలాడేలా కుట్టారు, కూర్చున్నా లేచినా జారే పని లేదు.

మూడో రోజు ఒరను గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, నూనె రాసి పలచని ప్లాస్టిక్ కవరు చుట్టిన కత్తిని లోపలికి దింపారు. చెంచా వెనక వైపుతో పిడి చుట్టూ నొక్కుతూ పోయారు. పిడి ఉబ్బూ నొక్కూ తోలు మీద అచ్చుగా తేలాయి. తెల్లారాక కత్తి తీసి మళ్లీ పెట్టి చూశాను. టక్కుమని కూర్చుంది. తలకిందులుగా పట్టుకుని ఊపాను, కదల్లేదు.

650 రూపాయలు అడిగారు. వెయ్యి ఇచ్చాను. చిల్లర తిరిగివ్వబోతే తీసుకోలేదు. ఒరలో కత్తిని నెలల తరబడి దాచి ఉంచవద్దని, ఇంట్లో ఉన్నప్పుడు విడిగా పెట్టమని మరీ మరీ చెప్పారు. తోలు ఏదైనా తేమ పడుతుందట.

పూర్తిగా ఆరాక తేనెమైనం పట్టించాలి, పది రోజుల తరువాత రమ్మన్నారు. వచ్చేటప్పుడు ఆ నూరే రాయి కూడా తెమ్మన్నారు బాబాయ్. ఆయన తోలు కోసే కత్తికి ఒక పక్క మార్కరు పూసి, ఎక్కడ తగలడం లేదో చూడాలట.