తలుపు మీద మాడిసన్ గీత

పెళ్ళయి బరంపురం వచ్చి పదమూడేళ్ళు. మా పుట్టిల్లు పలాస పక్కనే, రైలెక్కితే ఎంతోసేపు పట్టదు. అయినా మా అబ్బాయికి బడిలో ఒడియా, ఇంగ్లీషు, వీధిలో ఒడియా. తెలుగు ఇంట్లోనే. ఆ ఇంట్లో తెలుగైనా ఎంత? అన్నం తిను, స్నానం చెయ్యి, హోంవర్క్ అయిందా. ఓ రోజు వాడు ఆకలికి ఒడియా మాట వాడి "అమ్మా, భోకగా ఉంది" అంటే గుండె కలుక్కుమంది. ఒడియా మీద నాకేం కోపం లేదు, వాడి స్నేహాలన్నీ ఆ భాషలోనే. వాడితో నేను తెలుగులో పనులు చెప్పానే గానీ కబుర్లు చెప్పలేదని ఆ రోజు తెలిసొచ్చింది.

మొన్న వానల్లో మా అత్తగారు "ఈ బోరు నీళ్ళకి సబ్బు నురగే రాదు" అని విసుక్కున్నారు. వాడు "కాహింకి?" అని, నా మొహం చూసి "ఎందుకు?" అని దిద్దుకున్నాడు. చూరు కింద బకెట్టు పెట్టి వాన నీళ్ళు పట్టాం. రెండు సీసాలు తీసుకుని ఒకదాంట్లో వాన నీళ్ళు, ఒకదాంట్లో బోరు నీళ్ళు పోసి, రెండింట్లోనూ ఒంటి సబ్బు తురుము వేసి గిలక్కొట్టాం. వాన నీళ్ళ సీసా మూతి దాకా నురగ. రెండోదాంట్లో విరిగిన పాలలా తెల్లటి తెట్టు. సబ్బు అణువుకి తలా తోకా ఉంటాయనీ, తలకి నీళ్ళు, తోకకి జిడ్డు ఇష్టమనీ చెప్పాను. తోకలన్నీ జిడ్డుని చుట్టుముడతాయి, తలలు నీళ్ళవైపు తిరుగుతాయి, చెంబెడు నీళ్ళు పోస్తే జిడ్డు వాటితోపాటే పోతుంది. బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం ఆ సబ్బుని ముందే పట్టేసుకుంటాయి, తెట్టు అదే. "మరి మామ్మ కుంకుడుకాయలో?" అన్నాడు. అందులో సపోనిన్లు నురగనిస్తాయి. ఆ చెట్టు శాస్త్రీయ నామంలో మొదటి మాట సాపిండస్, అంటే 'భారతీయ సబ్బు' అని చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఇంత మాట్లాడాక అసలు సంగతి బయటపెట్టాడు. బడిలో ప్రార్థనకి పొడుగు ప్రకారం నిలబెడతారు, వీడు ఎప్పుడూ ముందే. క్విజ్ కోసం లింకన్ గురించి చదువుతుంటే పక్కవాడు "నువ్వు డేంగా కాదు, ప్రెసిడెంటువి కాలేవు" అన్నాడట. డేంగా అంటే పొడుగు. ఎన్నాళ్ళుగా దిగమింగుకున్నాడో.

టేపు తెచ్చి తలుపు మీద పెన్సిల్‌తో గీతలు గీశాం. లింకన్ 6 అడుగుల 4 అంగుళాలు, అమెరికా అధ్యక్షుల్లో అందరికంటే పొడుగు. నా చెయ్యి అందక స్టూలెక్కాను. అందరికంటే పొట్టి జేమ్స్ మాడిసన్, 5 అడుగుల 4 అంగుళాలు. సరిగ్గా అడుగు తేడా. ఆ పొట్టాయననే అమెరికా రాజ్యాంగ పితామహుడంటారు. 1809లో నాలుగో అధ్యక్షుడయ్యాడు. వాళ్ళ నాన్నని నిలబెట్టి చూస్తే మాడిసన్ కంటే రెండంగుళాలు ఎక్కువే! వాడి కేక వీధిలోకి వినపడి ఉంటుంది. "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు" అన్నారు మా అత్తగారు. పుట్టి అంటే ఎంతో వాడికి చెప్పడానికి ఇంకో పావుగంట పట్టింది.

మన దేశానికి నాలుగో రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టింది ఈ బరంపురంలోనే, 1894లో, తెలుగింట్లో అని చెప్పాను. వాడు నమ్మలేదు. అప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు, 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ అంటే ఇంకా ప్రశ్నలు. అన్నీ తెలుగులోనే అడిగాడు. మధ్యలో రెండు మూడు ఒడియా మాటలు దొర్లాయి, నేను దిద్దలేదు.

గీతల పక్క పేర్లు తనే రాస్తానన్నాడు. మాడిసన్ బాగానే కుదిరింది. లింకన్‌లో సున్నా మరిచిపోయి 'లికన్' అని రాశాడు. తన గీత దగ్గర తేదీ వేసుకున్నాడు. అప్పుడు మా అత్తగారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, చెప్పులు విడిచి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు. "నన్నూ కొలవరా."