గజ్జల్లో పిడుదు పట్టినప్పుడు

మా ఇంట్లో గేదెలు ఉన్నందువల్ల వాటి చెవుల్లోనూ, పొదుగు పక్కనా పట్టిన పిడుదులను ఏరివేయడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. అదే పిడుదు మనిషి మీదికి ఎక్కితే చర్మం పలుచగా, వెచ్చగా, చెమ్మగా ఉండే చోటు వెతుక్కుంటుంది. గజ్జలు, చంకలు, రొమ్ముల కింది భాగం, బొడ్డు, మర్మావయవాలు దానికి అనువైన చోట్లు. దాని లాలాజలం నొప్పిని తెలియనివ్వదు కాబట్టి, స్నానం చేసేటప్పుడు చేతికి పులిపిరిలా తగిలేదాకా చాలామంది గమనించరు.

అక్కడ కిరోసిన్ పోయడం, సున్నం రాయడం, అగ్గిపుల్లతో చురక పెట్టడం మన ఊళ్లలో ఇంకా జరుగుతున్నాయి. వీటివల్ల పిడుదు వెంటనే ఊడిరాకపోగా, కడుపులోని ద్రవాన్ని గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. పైగా చేతి మీద చర్మం తట్టుకున్నంత మంటను మర్మావయవాల చర్మం తట్టుకోలేదు, బొబ్బలెక్కుతుంది.

చేయవలసిన పని నిజానికి చిన్నది. సన్నని మొన ఉన్న ప్లక్కర్‌తో, పిడుదు పొట్టను నొక్కకుండా, దాని నోరు చర్మంలో దిగిన చోటనే పట్టుకుని, మెలితిప్పకుండా, కుదుపు లేకుండా నిటారుగా పైకి లాగాలి. గజ్జల్లో చర్మం వదులుగా సాగుతుంది కనుక రెండో చేత్తో దాన్ని కొద్దిగా బిగించి పట్టుకోవాలి; సరిగా కనబడకపోతే అద్దం పెట్టుకోవాలి, లేదా నమ్మకమైన వారి సాయం తీసుకోవాలి. నోటి ముక్క లోపల మిగిలి, తేలిగ్గా రాకపోతే సూదితో కెలకకూడదు, చాలావరకు చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఊడదీసిన పిడుదును వేళ్లతో చిదపకుండా, కరిచిన చోటును సబ్బుతో, నీళ్లతో కడగాలి. డెట్టాల్ నీళ్లు కలపకుండా పోయడం, నొప్పి బామ్ రాయడం అక్కడ పనికిరావు. దురద ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు ముక్క కాసేపు అద్దితే చాలు. కనురెప్ప మీదో, చెవి లోపలో, మూత్రద్వారం దగ్గరో పట్టినదాన్ని మాత్రం వైద్యుడే తీయాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది, ఇలాంటి చోట కరిచిందని చెప్పుకోవడానికి మనవాళ్లు పడే సిగ్గు. పిడుదు కరిచిన తర్వాత కొన్ని వారాల్లో జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, దద్దుర్లు వస్తే, పిడుదు కరిచిందన్న మాటా, కరిచిన చోటూ వైద్యుడికి తప్పక చెప్పాలి. పిడుదుల వల్ల వచ్చే టైఫస్ జ్వరంలోనూ, పిడుదు కాకుండా అంతకంటే చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌లోనూ కరిచిన చోట నల్లటి పొక్కు కట్టవచ్చు. స్క్రబ్ టైఫస్‌లో అది తరచుగా గజ్జల్లోనో, చంకలోనో, రొమ్ముల కిందో దాగి ఉంటుంది. రోగి చూపించకపోతే వైద్యుడికి ఆ ఆనవాలు దొరకదు. దొరికితే డాక్సీసైక్లిన్ వంటి మందు సకాలంలో మొదలవుతుంది. స్త్రీలు కావాలంటే మహిళా వైద్యురాలిని, లేదా పరీక్ష సమయంలో నర్సు తోడుగా ఉండాలని అడగవచ్చు.