మిలిటరీ ట్రక్కుకి టైమింగ్ లెక్క ఎక్కడ దొరుకుతుంది?

"ఈ ట్రక్కు టైమింగ్ ఎన్ని డిగ్రీలు?" అని, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ రావాలని అడిగేవాళ్లని ముందు ఇంజన్ బ్లాక్ మీద పోతపోసిన కాస్టింగ్ నంబరు చదివి రమ్మనాలి. టైమింగ్ లెక్క బండిది కాదు, ఇంజన్‌దీ డిస్ట్రిబ్యూటర్‌దీ (ప్లగ్గులకి స్పార్క్ పంచే భాగం). డ్యాష్‌బోర్డు మీది రేకు బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో చెబుతుంది గానీ, తర్వాత అందులోకి ఏ ఇంజన్ ఎక్కిందో చెప్పదు. 1941-45 మధ్య ఐదు లక్షలకు పైగా తయారైన అమెరికా సైనిక ట్రక్కు జీఎంసీ సీసీకేడబ్ల్యూనే తీసుకోండి. దాని అసలు ఇంజన్ 270 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్లది. ఇప్పుడు తిరుగుతున్న వాటిలో కొన్నిటికి తర్వాతి తరం 302 ఇంజన్ ఉంటుంది. బానెట్ మూసి ఉంటే తేడా తెలియదు.

ఇంజన్ అసలుదే అని తేలాక పుస్తకం వెతకడం తేలిక. అమెరికా సైన్యం విడిభాగాల జాబితాలకు జీ-నంబర్లు పెట్టింది: జీపు జీ-503, ముప్పావు టన్ను డాడ్జ్ జీ-502, టన్నున్నర షెవ్రొలే జీ-506, సీసీకేడబ్ల్యూ జీ-508. నిర్వహణకు వేరే మాన్యువళ్లు (టీఎం, అంటే టెక్నికల్ మాన్యువల్): వరుసగా టీఎం 9-803, 9-808, 9-805, 9-801. వీటి స్కాన్లు నెట్‌లో దొరుకుతాయి. డిస్ట్రిబ్యూటర్ వివరాలు మాత్రం బండి పుస్తకంలో పొడిపొడిగా ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్ తయారీ కంపెనీ డెల్కో-రెమీ అయితే టీఎం 9-1825ఏ, ఆటోలైట్ అయితే 9-1825బీ చూడాలి. డిస్ట్రిబ్యూటర్ ఒంటికి అతికించిన రేకు మీది నంబరు దగ్గరుంచుకుని చూడండి.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. డిస్ట్రిబ్యూటర్ పుస్తకాల్లో అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ఎంత ముందుకు జరగాలన్న) పట్టికలు డిస్ట్రిబ్యూటర్ డిగ్రీల్లో, డిస్ట్రిబ్యూటర్ వేగంలో ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) వేగంలో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి రెండు అంకెల్నీ రెట్టింపు చేయాలి. పట్టికలో 500 ఆర్‌పీఎం దగ్గర 6 డిగ్రీలని ఉంటే, క్రాంక్ దగ్గర అది 1000 ఆర్‌పీఎంకి 12 డిగ్రీలు. ఇది చూసుకోకపోతే డిస్ట్రిబ్యూటర్‌లో బాగున్న అడ్వాన్స్ స్ప్రింగులు కూడా పాడైనట్టే కనిపిస్తాయి.

జీఎంసీ 270కి టైమింగ్ గుర్తు పుల్లీ మీద కాదు, ఫ్లైవీల్ (క్రాంక్ వెనక ఉండే బరువైన చక్రం) మీద ఉంటుంది. హౌసింగ్‌కున్న చిన్న కిటికీలోంచి చూస్తే టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరిన స్థానం) గీత, దానికి 5 డిగ్రీల ముందు ఫ్లైవీల్‌లో దిగ్గొట్టిన ఉక్కు గుండు కనిపిస్తాయి. గుండు మీద సుద్ద రాసి తుడిచేస్తే తళుక్కున మెరుస్తుంది. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4.

ముందు పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని స్పార్క్ పుట్టించే కాంటాక్టుల) గ్యాప్, తర్వాతే టైమింగ్. ఈ వరుస తిరగేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు తొందరగా తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. 270కి 0.018 అంగుళం పెట్టండి. పాయింట్ల మీద గుంత, దిబ్బ ఏర్పడి ఉంటే గ్యాప్ కొలిచే పలచటి రేకు, ఫీలర్ గేజ్, అబద్ధం చెబుతుంది. కాబట్టి గేజ్ పెట్టేముందే పాయింట్లు మార్చాలి.

తర్వాత ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లోకి వచ్చేలా చేత్తో తిప్పి, గుండుని కిటికీ గుర్తుకి సరిగ్గా తేవాలి. గుర్తు దాటిపోతే పావు చుట్టు వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు రండి. లేదంటే గేర్ల లూజు లెక్కలో కలిసిపోతుంది. 6 వోల్టుల బల్బు ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ ప్రైమరీ టెర్మినల్‌కి, ఇంకో వైరు ఎర్త్‌కి తగిలించి ఇగ్నిషన్ ఆన్ చేయండి. డిస్ట్రిబ్యూటర్‌ని మెల్లగా తిప్పుతుంటే బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం. అక్కడే బోల్టు బిగించాలి.

ఫ్లైవీల్ మారిందని అనుమానముంటే గుండుని నమ్మకండి. టీడీసీని మీరే కనుక్కుని పుల్లీ మీద గీత గీసుకోవాలి. పుల్లీ వ్యాసం 160 మి.మీ. అనుకుంటే చుట్టుకొలత సుమారు 503 మి.మీ., డిగ్రీకి 1.4, అయిదు డిగ్రీలకు 7 మి.మీ. ప్లగ్ రంధ్రంలోంచి బోల్టు దింపి పిస్టన్‌ని ఆపే పద్ధతి జీపు, డాడ్జ్‌ల సైడ్ వాల్వ్ ఇంజన్లకు పనికిరాదు. అక్కడ ప్లగ్ కింద ఉండేది వాల్వులు, పిస్టన్ కాదు. బలవంతంగా తిప్పితే వాల్వు వంగుతుంది.

స్ట్రోబ్ లైటు (ప్లగ్ వైరు సిగ్నల్‌తో మెరిసి, నడిచే ఇంజన్ మీద టైమింగ్ గుర్తుని చూపే లైటు) వాడేవాళ్లకి రెండు మాటలు. 6 వోల్టుల బండికి ఇప్పటి లైటు పనిచేయాలంటే దానికి విడిగా 12 వోల్టుల బ్యాటరీ ఇవ్వాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన డాడ్జ్ ఎం-37 లాంటి 24 వోల్టుల బండ్లలో ప్లగ్ వైర్లకి లోహపు తొడుగు ఉంటుంది. దాని మీద క్లాంప్ పెడితే లైటుకి సిగ్నల్ అందదు. ప్లగ్‌కీ వైరుకీ మధ్య అడాప్టర్ పెట్టాల్సిందే.

ఇప్పటి పెట్రోలు ఆక్టేన్ ఎక్కువ కదా అని టైమింగ్‌ని ఇష్టమొచ్చినట్టు ముందుకు జరపకండి. ఆక్టేన్ పెరిగినంత మాత్రాన ఈ తక్కువ కంప్రెషన్ ఇంజన్లకి బలం రాదు. పుస్తకం లెక్కతో మొదలుపెట్టి, ఇంజన్ వేడెక్కాక టాప్ గేర్‌లో ఎత్తు ఎక్కిస్తూ యాక్సిలరేటర్ నొక్కండి. కణకణమని నాకింగ్ వినిపిస్తే ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తీయాలి. నాకింగ్ లేకుండానే స్టార్టర్ తిప్పేటప్పుడు ఇంజన్ వెనక్కి తన్నుతుంటే టైమింగ్ ముందుకు పోయిందో, డిస్ట్రిబ్యూటర్‌లోని అడ్వాన్స్ వెయిట్లు (స్పార్క్‌ని ముందుకు జరిపే బరువులు) తెరుచుకున్న స్థితిలోనే బిగుసుకుపోయాయో చూడండి. రోటర్‌ని చేత్తో కొంచెం తిప్పి వదిలితే దానంతటదే వెనక్కి రావాలి.