బాబాయ్ చెరువూ, ఆ ఆకుపచ్చ చుక్కలూ

మా బాబాయ్‌ది భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువు, అదీ లీజుదే. మొన్న ఊరెళ్తే పొద్దున్నే వాటర్ బాటిల్‌లో చెరువు నీళ్లు పట్టి ల్యాబ్‌లో ఇచ్చి రమ్మన్నాడు. మర్నాడు వెళ్తే అక్కడి కుర్రాడు ఒక గుండ్రటి ప్లేట్ తీసి చూపించాడు, దాని మీద ఆవగింజలంత చుక్కలు, ఎక్కువ పసుపు, అక్కడక్కడా ముదురు ఆకుపచ్చ. "ఎల్లో ఉన్నా పర్లేదండి, గ్రీన్ పెరుగుతున్నాయి చూడండి" అన్నాడు. ఇదే ముక్క ఫోన్‌లో చెప్తే బాబాయ్ కాసేపు మాట్లాడలేదు.

ఆ ప్లేట్‌ని టీసీబీఎస్ అంటారు. అందులో పంచదార ఉంటుంది, దాన్ని తినగలిగే విబ్రియోలు (ఉప్పునీళ్లలో ఉండే ఒక జాతి బ్యాక్టీరియా) పసుపుగా, తినలేనివి ఆకుపచ్చగా కనిపిస్తాయి, అంతే తేడా. ఆ ఆకుపచ్చ వాటిల్లో విబ్రియో పారాహీమోలిటికస్ అని ఒకటుంది, దాని పేరు చెప్తేనే రొయ్యల లోకం ఎందుకు హడలిపోతుందో ఇంటికొచ్చి రాత్రంతా చదివాను.

ఆ జబ్బు 2009లో చైనాలో మొదలైంది, తర్వాత వియత్నాం, మలేషియా, థాయిలాండ్. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వేసిన నెల లోపే రొయ్యలు కుప్పలుగా చచ్చిపోవడం, లివర్ తెల్లబడి ముడుచుకుపోవడం, గట్ (పేగు) ఖాళీ. ఈఎంఎస్ అన్నారు, ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్, అంటే పిల్లప్పుడే చచ్చిపోయే జబ్బు. 2013కి వచ్చేసరికి థాయిలాండ్ ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది, కారణం మాత్రం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు, పురుగుమందులేమో అని కూడా అనుమానించారు. అనుమానించడంలో తప్పు లేదులెండి, చచ్చిన రొయ్య లివర్‌ని మైక్రోస్కోప్ కింద పెడితే కణాలు ఊడిపోయి కనిపిస్తున్నాయి గానీ మొదటి దశలో అక్కడ ఒక్క క్రిమీ లేదు! జబ్బు రొయ్యల్ని ఫ్రీజ్ చేసి తెచ్చి మంచివాటికి తినిపించినా అంటుకోలేదు.

దీన్ని పట్టుకున్నది డొనాల్డ్ లైట్నర్ టీమ్, యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో. ఎడారిలో కూర్చుని రొయ్యల జబ్బులు చూసిన మనిషి, నాకైతే అదే పెద్ద వింత. ఆయన దగ్గర వియత్నాం నుంచి వచ్చిన లోక్ ట్రాన్ అనే స్టూడెంట్ కూడా ఈ పనిలో ఉన్నాడు. వాళ్లకి తేలిందేంటంటే, దొంగ ఆ విబ్రియో పారాహీమోలిటికస్సే, కానీ ఉన్నది లివర్‌లో కాదు, పొట్టలో. పొట్టలో కాపురం పెట్టి అక్కడినుంచి విషం వదుల్తోంది, ఆ విషం వెళ్లి లివర్‌ని కరిగిస్తోంది. బ్యాక్టీరియాని వడకట్టేసి ఉత్త ద్రవం ఎక్కించినా లివర్ అలాగే పాడైందట. 2013లో ప్రకటించారు. ఆ విషం తయారుచేసే జన్యువులు పిర్-ఎ, పిర్-బి ఒక ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క) మీద ఉంటాయని, అది ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకగలదని తర్వాత తెలిసింది. అంటే ఆకుపచ్చ చుక్కలన్నీ హంతకులేం కాదు, ఆ జన్యువు ఉందా లేదా అన్నది పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఇది చెప్తే బాబాయ్ కొంచెం కుదుటపడ్డాడు.

అసలు నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకో సంగతి. మనం సీడ్ వేసే ముందు బ్లీచింగ్ దంచికొడతాం కదా, నీళ్లు శుభ్రం అనుకుంటాం. 2014లో కొందరు సైంటిస్టులు దీన్నే ప్రశ్నించారు, అన్నిటినీ చంపేసిన నీళ్లలో పోటీ ఉండదు, మేత పడగానే ముందు పరిగెత్తుకొచ్చేది ఎవరు అని. విబ్రియోనే. దీనికి అన్నీ కుదిరితే పది నిమిషాల్లోపే ఒకటి రెండవుతుంది. ఖాళీ చేసిన ఇంట్లోకి ముందుగా రౌడీ దిగినట్టన్నమాట. అలాగని బ్లీచింగ్ వద్దనడానికి నేనెవర్ని, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు దెబ్బ తిన్నవాడికి ఆ భయం తెలుసు, కానీ కొట్టాక ఆ నీళ్లని కొన్నాళ్లు మాగనివ్వకుండా హడావుడిగా సీడ్ దింపేయడం మాత్రం నాకు నచ్చట్లేదు.

"మరి ఈ డ్రమ్ములో బెల్లం, ప్రోబయాటిక్ పులియబెట్టేది అందుకేనా?" అన్నాడు బాబాయ్.

"అందుకే బాబాయ్, మంచివాళ్లని ముందు కూర్చోబెట్టడానికి."

"ఒరేయ్, ఇన్నాళ్లూ షాపువాడు పొయ్యమన్నాడని పోస్తున్నానురా."

నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, గ్రీన్ తగ్గాయట, రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత కూడా మిగలట్లేదట. ఏరియేటర్ల మోతలో సగం మాటలు వినపడలేదు.