ఇంత రాత్రి వరకు ఎక్కడున్నావు?

పన్నెండు దాటింది. చెల్లి తన గది తలుపు వేసుకుంది. పడుకుందో లేదో తెలియదు. ఇద్దరమూ ఇల్లు చేరామన్న నిశ్చింతతో అమ్మకు మాత్రం ఎప్పుడో నిద్ర పట్టేసింది.

మలుపు దగ్గరి వీధి దీపం ఇవాళ కూడా వెలగలేదు. పదకొండో రోజు. బస్సు దిగాక గేటు వరకు ఏడు నిమిషాల నడక. అందులో చీకట్లో నడిచేది మహా అయితే రెండు నిమిషాలు. కానీ సాయంత్రం అయ్యేసరికి మనసంతా ఆ రెండు నిమిషాల మీదే ఉంటోంది.

పొద్దున మళ్ళీ ఫిర్యాదు చేశాను. స్తంభం నంబరుతో సహా చెప్పాను. అవతలి మనిషి అంతా విని, "అయినా అంత రాత్రి మీకు బయట పనేమిటండీ?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. నేను అడిగింది దీపం గురించి, నా పని వేళల గురించి కాదు. బల్బు మాడిపోయి ఉంటుంది, లేదా తీగ ఎక్కడో తెగి ఉంటుంది. నేను తొమ్మిదిన్నరకు బస్సు దిగడం వల్ల ఆ దీపం ఆరిపోలేదు కదా! ఆ మాటే అన్నాను. "సరే, రాసుకుంటాం" అని పెట్టేశాడు.

మధ్యాహ్నం దాకా ఆ ప్రశ్న చెవిలోనే ఉంది. ఆస్పత్రిలో డ్యూటీ దిగి వచ్చే నర్సునూ, అందరూ వెళ్ళాక ఆఫీసు గదులు తుడిచి ఇంటిదారి పట్టే మనిషినీ ఇలాగే అడుగుతారా? అడుగుతారు, అదే బాధ. ఆడవాళ్ళకు ప్రమాదం ఉందంటే ఆడవాళ్ళనే లోపల ఉండమనడం కొత్తేమీ కాదు. 1970లలో ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక హంతకుడు వరుసగా ఆడవాళ్ళను చంపుతుంటే, చీకటి పడ్డాక బయటికి రావద్దని పోలీసులు చెప్పింది ఆడవాళ్ళకే. ఆ మాట మీద మండిపడి 1977 నవంబరు 12 రాత్రి లీడ్స్ నగర వీధుల్లో ఆడవాళ్ళు గుంపుగా నడిచారు. ఆ రాత్రి అక్కడ నడిచినవాళ్ళకు ఇప్పుడు మనవరాళ్ళు ఉండే వయసు. ఆ మనవరాళ్ళనూ ఎవరో ఒకరు పనేమిటని అడుగుతూనే ఉంటారు.

రాత్రి బస్సు దిగేసరికి ఫోనులో తొమ్మిది శాతం చార్జింగ్ ఉంది. మలుపు రాగానే టార్చి వేశాను. కాళ్ళ చుట్టూ తెల్లటి వలయం, దాని అవతల గోడ కట్టినట్టు నలుపు. వెనక నుంచి అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే ఏమీ కనపడలేదు. అవసరమైతే ఎవరినైనా పిలవడానికి ఉన్నదీ ఆ తొమ్మిది శాతమే, దాన్నే ఈ వెలుతురు తాగేస్తోంది.

నాన్న గుర్తొచ్చారు. నాకు పదేళ్ళప్పుడు ఒక రాత్రి ఊరంతా కరెంటు పోయింది. స్టాపులో నా కోసం ఎదురుచూస్తున్నారు, చేతిలో పొడవాటి టార్చి. "సంచి ఇలా ఇవ్వు" అని తీసుకుని, నాలుగడుగులు వేశాక టార్చి ఆర్పేశారు. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "ఆగు. కళ్ళకు కాస్త వ్యవధి ఇద్దాం" అని కల్వర్టు మీద కూర్చోబెట్టారు. ముందు ఏమీ లేదు. తరువాత చెట్టు కొమ్మ ఆకాశం నుంచి విడిపడింది. ఆ తరువాత ప్రహరీ అంచు, రోడ్డు మీది తెల్ల గీత. గీత దగ్గర ఏదో కదిలింది. "తిన్నగా చూడకు, కొంచెం పక్కకు చూడు" అన్నారు. పక్కకు చూస్తే కుక్క అని తెలిసింది. ఇల్లు చేరాక గుమ్మం పక్క కుండీ చూపించారు. ఆకులు లీలగా కనిపిస్తున్నాయి, ఎర్ర పువ్వులు మాత్రం నల్లగా ఉన్నాయి.

అదంతా నాన్న సొంత విద్య అనుకున్నాను చాలాకాలం. మసక వెలుతురులో చూసే కణాలు కంటిపాప వెనక తెరకు నడిమధ్యన ఉండవని, దాని చుట్టూ ఉంటాయని, అవి చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుందని, మధ్యలో పెద్ద వెలుగు పడితే మళ్ళీ మొదటికి వస్తుందని పెద్దయ్యాక చదివాను. చీకట్లో ఎరుపే ముందు నల్లబడుతుందని పుర్కిన్యే అనే శాస్త్రవేత్త 1819లోనే గమనించాడట. నాన్న అవేవీ చదవలేదు. రాత్రి షిఫ్టుల నుంచి నడిచి వచ్చిన మనిషి ఆయన, అంతే. ఎంత ఆలస్యమైనా "ఎందుకు ఆలస్యం" అని ఒక్కసారీ అడగలేదు. సంచి తీసుకునేవారు.

టార్చి ఆర్పేసి గోడవారగా నిలబడ్డాను. వెనక వస్తున్న మనిషి నేను ఆగడం గమనించినట్టున్నాడు. చిన్నగా దగ్గి, రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళి, గబగబా ముందుకు నడిచిపోయాడు. తెల్ల చొక్కా. ఆయనెవరో తెలియదు. ప్రాణం లేచి వచ్చింది.

దీపం సంగతీ, ఆ ఫిర్యాదు సంగతీ రాసి పడుకుందామనుకునే కూర్చున్నాను. కానీ నిద్ర పట్టనివ్వనిది అది కాదు.

పదీ పావు అయినా చెల్లి రాలేదు. ఫోను స్విచ్ ఆఫ్. అమ్మ వరండాకూ గుమ్మానికీ తిరుగుతోంది. నేను మలుపు దాకా వెళ్ళి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. పదీ యాభైకి గేటు చప్పుడైంది. తలుపు తీసి నేనన్న మొదటి మాట, "ఇంత రాత్రి వరకు ఎక్కడున్నావు?"

తను జవాబు చెప్పలేదు. గుప్పిట్లో తాళంచెవి ఇంకా అలాగే ఉంది, మొన వేళ్ళ మధ్య నుంచి బయటికి పొడుచుకుని. దాన్ని బల్ల మీద పెడుతుంటే అరచేతిలో ఎర్రగా పడిన అచ్చు కనిపించింది. "నువ్వు కూడానా అక్కా" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాది భయం, పొద్దున ఫోనులో అడిగినవాడిది నిర్లక్ష్యం అని ఇంతసేపూ సర్దిచెప్పుకున్నాను. నిజమే కావచ్చు. కానీ చీకట్లో నుంచి నడిచి వచ్చిన పిల్లకు వినపడింది అదే ప్రశ్న. మలుపులో భయం వేసిందా అని కూడా అడగలేదు నేను. సంచి అందుకోలేదు.

తన తలుపు కింద వెలుతురు కనిపిస్తోంది. వెళ్ళి తడతాను. తప్పయిందని ముందు చెప్పాలి, రేపు ఏ బస్సుకు దిగుతుందో తరువాత కనుక్కోవాలి.